వరంగల్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ లీగ్ పెడుతున్నాం: 1997 నాటి డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా ఆడవాళ్ల లీగ్) మొదటి సీజన్ ఎలా నడిచిందో తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న: ఓరుగల్లు పాయింట్ గార్డ్

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. డిగ్రీ రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే చోట, ఆడాను. ఇప్పుడు నాకు 41 ఏళ్లు, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మూడేళ్లుగా రోజూ పొద్దున అయిదున్నరకి ఒక సిమెంటు కోర్టులో అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఇరవై మంది దాకా వస్తారు. రెండు రింగుల్లో ఒకదానికి నెట్ లేదు. మేమే నైలాన్ తాడుతో అల్లి కట్టుకున్నాం.

పోయినేడు మేలో పిల్లల్ని ఒక టోర్నమెంట్‌కి తీసుకెళ్లాను. అబ్బాయిల మ్యాచులన్నీ అయిపోయాక మధ్యాహ్నం రెండింటికి మావాళ్లను దింపారు. కోర్టు మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. టైం లేదంటూ పది నిమిషాల క్వార్టర్‌ను ఆరు నిమిషాలకు కోశారు. మా సెంటర్ పాప, అంటే రింగు దగ్గర ఆడే పిల్ల, ఇంటర్ ఫస్టియర్. తిరిగి వస్తూ బస్సులో నా పక్కన కూర్చుని ఒకటే మాట అడిగింది: "మేడమ్, మన మ్యాచ్ ఎవరికోసం పెట్టిన్రు?" నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

అందుకే నాతో పాటు ఆడిన ముగ్గురు స్నేహితురాళ్లం కలిసి వచ్చే వేసవిలో మేమే ఒక లీగ్ పెడదామనుకున్నాం. హన్మకొండ, వరంగల్, కాజీపేట, జనగామ. నాలుగు టీములు. ఒక్కో టీమ్ మిగిలిన మూడింటితో రెండేసి సార్లు ఆడుతుంది. మొత్తం 12 మ్యాచులు, తర్వాత ఫైనల్. కోర్టు మొదట అమ్మాయిలకే. ఆ రోజుల్లో వాళ్ల మ్యాచ్ కంటే ముఖ్యమైనది ఇంకేదీ ఉండకూడదు.

మా అమ్మాయి ఇప్పటి డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు ఫోన్‌లో చూస్తుంటుంది. "అమ్మా, మొట్టమొదటి సీజన్ వాళ్లు కూడా నాలుగు టీములతోనే పెట్టారా?" అని అడిగింది. నాకు కొన్ని పేర్లు తెలుసు గానీ లీగ్ ఎలా నడిపారో వివరంగా తెలియదు. బాగా ఆడేవాళ్లంతా మా హన్మకొండ కోర్టులోనే ఉన్నారు. వాళ్లను నాలుగు టీములకు ఎలా పంచాలి? జనం వస్తారా? ఇంకో సంగతి మీద మాలో మాకే గొడవ నడుస్తోంది. వయసు పరిమితి పెట్టాలా వద్దా? 19 దాటకూడదని ఇద్దరం అంటున్నాం, వద్దని ఇద్దరు. నేను పెట్టాలనే వైపు ఉన్నాను. పిల్లల అవకాశం పెద్దవాళ్లు తీసుకుంటారేమోనని నా భయం.

ఆ తొలి సీజన్లు చూసినవాళ్లు, చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: పీఈటీ సార్, హుజూరాబాద్

మేడమ్, ముందు మీకు అభినందనలు. నేను 22 ఏళ్లుగా స్కూల్లో పీఈటీగా ఉన్నాను. అమెరికా సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను బంతి సంగతి చెబుతాను.

మన దగ్గర చాలా స్కూళ్లలో అమ్మాయిలకు కూడా 7వ నంబరు బంతే ఇస్తారు. బీరువాలో ఉండేది అదొక్కటే మరి. అమ్మాయిల బంతి 6వ నంబరు. చుట్టుకొలత 28.5 అంగుళాలు, మగవాళ్ల బంతి కంటే ఒక అంగుళం తక్కువ. బరువు కూడా తక్కువే. డబ్ల్యూఎన్‌బీఏ మొదటి సీజన్ నుంచీ ఈ కొలత బంతితోనే ఆడింది. నారింజ రంగు పట్టీ పక్కన ఓట్స్ రంగు పట్టీ వేసి తమ బంతి దూరానికే తెలిసేటట్టు చేసుకున్నారు. చెయ్యికి సరిపోని బంతితో ఆరేళ్లు ప్రాక్టీస్ చేసిన పిల్ల రెండు చేతులతో తోసినట్టు షాట్ కొట్టడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడానికి నాకు ఒక్కొక్కరితో ఏడాది పట్టేది. మీ బడ్జెట్‌లో మొదటి ఖర్చు 6వ నంబరు బంతులకు పెట్టండి, జెర్సీలకు తర్వాత.

రెండోది ఎండ. రోహిణి కార్తె లోపలే ఫైనల్ అయిపోవాలి. పొద్దున ఆరింటికి ఒక మ్యాచ్, ఏడున్నరకి ఒకటి, అంతే. ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు పెట్టండి. కోయడం మాత్రం వద్దు. చెప్పిన నిమిషాలు చెప్పినట్టు ఆడించాలి.

మూడోది తల్లిదండ్రులు. జనగామ పిల్లలు ఆరింటి మ్యాచ్‌కి రావాలంటే ఎన్నింటికి బయలుదేరాలి, ఎవరితో రావాలి, ఎవరు దింపుతారు? మ్యాచుల పట్టికకంటే ముందు బండి పట్టిక రాయండి. మా ఊర్లో మంచి ఆటగత్తెలు ఆట రాక మానెయ్యలేదు, ఇంటికి చేరే దారి సరిగ్గా లేక మానేశారు.

2011లో మన దేశం నుంచి గీతు అన్నా జోస్ డబ్ల్యూఎన్‌బీఏ టీముల దగ్గరకు ట్రయల్స్‌కి వెళ్లింది. కేరళ అమ్మాయి. ఆ వార్త నోటీసు బోర్డుకి అంటించాను. మా పిల్లలు ఆ వారమంతా పొద్దున నాకంటే ముందే గ్రౌండ్‌కి వచ్చారు.

జవాబు: కాజీపేట జంక్షన్

చెల్లెమ్మా, మీ ప్రశ్న నాలుగుసార్లు చదివాను. మీ సెంటర్ పాప బస్సులో అడిగిన మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను ఆ మొదటి సీజన్ కళ్లారా చూశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మేం కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాం. బాపు డీజిల్ షెడ్డులో ఫిట్టర్. 1997 ఏప్రిల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ నన్ను అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ పంపింది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని పాత కోబాల్ ప్రోగ్రాములన్నీ సరిచేయిస్తున్న రోజులవి. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. కారు లేదు. ఆఫీసులో పక్క సీటు ఆవిడ ఒకరోజు "మా అమ్మాయితో మ్యాచ్‌కి వెళ్తున్నాం, ఒక టికెట్ మిగిలింది, వస్తావా?" అంది. అలా మొదలైంది.

లీగ్ మొదలైంది 1997 జూన్ 21న. నాలుగు కాదు, ఎనిమిది టీములు: హ్యూస్టన్, న్యూయార్క్, షార్లెట్, క్లీవ్‌లాండ్, లాస్ ఏంజెలెస్, ఫీనిక్స్, శాక్రమెంటో, యూటా. ఒక్కో టీముకి 28 మ్యాచులు. ఆగస్టు చివరికల్లా అయిపోయింది. సెమీఫైనల్ ఒక్క మ్యాచే, ఫైనలూ ఒక్క మ్యాచే. అప్పటి ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, బంతి అందాక 30 సెకన్లలో షాట్ కొట్టాలి. నాలుగు క్వార్టర్లు, 24 సెకన్లు 2006లో వచ్చాయి. అంటే తమ ఆట ఎలా ఉండాలో వాళ్లు కూడా ఆడుతూ ఆడుతూ సరిచేసుకున్నారు. మీరూ మొదటి ఏడే అన్నీ కుదరాలని టెన్షన్ పడకండి.

మొట్టమొదటి మ్యాచ్ లాస్ ఏంజెలెస్ స్పార్క్స్‌కీ న్యూయార్క్ లిబర్టీకీ జరిగింది. టీవీలో చూశాను. 14,284 మంది వచ్చారు. స్పార్క్స్‌లో లీసా లెస్లీ ఉంది, ఆరడుగుల అయిదు అంగుళాల మనిషి. ఆ రోజు డంక్ కొట్టబోయింది, అంటే ఎగిరి బంతిని చేత్తోనే రింగులోకి దించడం. దేశమంతా చూస్తోంది. బంతి లోపల పడలేదు. మ్యాచ్ కూడా 67-57తో లిబర్టీ గెలిచింది. ఆ లీగ్‌లో మొదటి డంక్ చివరికి కొట్టింది కూడా లెస్లీయే, 2002 జూలై 30న. అయిదేళ్ల తర్వాత. మీ సెంటర్ పాపకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి.

ఇక టీములకు ఎలా పంచారన్నది. ఇది మీకు బాగా పనికొస్తుంది. 1997 జనవరిలో ముందుగా పేరున్న 16 మందిని తీసుకుని ఒక్కో టీముకి ఇద్దరిని ఇచ్చేశారు. వీలైనంతవరకు ఆ అమ్మాయికి ఏ ఊరితో సంబంధం ఉంటే ఆ ఊరికే. లెస్లీ లాస్ ఏంజెలెస్ ప్రాంతం అమ్మాయి, అక్కడికే. టెక్సాస్‌లో పుట్టి పెరిగిన షెరిల్ స్వూప్స్ హ్యూస్టన్‌కి. తర్వాత ఫిబ్రవరిలో విదేశాల్లో ఆడి వచ్చినవాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకున్నాయి. ఏప్రిల్‌లో కాలేజీ ముగించినవాళ్లను. ఆ ఎంపికలో మొదటి పేరు టీనా థాంప్సన్, ఆమే మా హ్యూస్టన్‌కి వచ్చింది. అదీ కాక కొన్ని టీములు ట్రయల్స్ పెట్టి, ఎవరూ పిలవనివాళ్లకు కూడా తలుపు తెరిచి ఉంచాయి. మీరు కూడా బాగా ఆడే ఎనిమిది మందిని ముందు రాసుకుని ఇద్దరిద్దరు చొప్పున పంచెయ్యండి. జనగామ పాప ఉంటే జనగామకే ఇవ్వండి, వాళ్ల ఊరు చూడటానికి వస్తుంది. మిగతావాళ్లను వంతులవారీగా. ట్రయల్స్ మాత్రం ఒకరోజైనా పెట్టండి.

ఎందుకంటే కిమ్ పెరో అలా వచ్చిందే. హ్యూస్టన్ కామెట్స్ పాయింట్ గార్డ్, మీ ప్లేసే. అయిదడుగుల అయిదు అంగుళాలు. ఏ ఎంపికలోనూ ఆమె పేరు లేదు. ట్రయల్స్‌కి వచ్చి చోటు సంపాదించింది. నేను చూసిన మొదటి మ్యాచ్‌లో నా కళ్లు బంతిని వదిలేసి ఆమె వెంటే తిరిగాయి. ఎదుటి టీమ్ వాళ్లు బంతి అందుకునే లోపల వాళ్ల చేతుల మధ్య ఉండేది. 1999 మొదట్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసింది, ఆగస్టు 19న చనిపోయింది. వయసు 32. అప్పటికి ఆ సీజన్ నడుస్తోంది. ఆ వారం మా ఆఫీసులో బాస్కెట్‌బాల్ ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆమె గురించే మాట్లాడుకున్నారు. లీగ్‌లో ఏటా ఇచ్చే క్రీడాస్ఫూర్తి అవార్డు ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది.

జనం వస్తారా అన్నారు. మొదటి సీజన్లో మ్యాచ్‌కి సగటున 9,000 దాటి వచ్చారు. నాకు గుర్తున్నది అంకె కాదు, ఎవరు వచ్చారన్నది. మగపిల్లల మ్యాచ్‌కి వచ్చే గుంపు వేరు. ఇక్కడ తండ్రుల భుజాల మీద ఆడపిల్లలు, చేతికర్రతో ముసలమ్మలు, ఇరవయ్యేళ్ల కింద తాము ఆడి మానేసిన ఆడవాళ్లు. నన్ను తీసుకెళ్లిన ఆవిడ మ్యాచ్ మొదలయ్యేటప్పుడు ఏడ్చింది. నాకేం అర్థం కాలేదు. తర్వాత చెప్పింది, హైస్కూల్లో తాను గార్డ్‌నని, ఆ తర్వాత ఆడే చోటు లేకపోయిందని. మీరు పిలవాల్సింది వాళ్లనే చెల్లెమ్మా. కరపత్రాలు కాలేజీలకే కాదు, టైలర్ షాపులకూ, బ్యాంకులకూ, అంగన్‌వాడీలకూ ఇవ్వండి.

వయసు సంగతికి వస్తాను. ఇక్కడ నేను మీతో ఏకీభవించను.

ఆ మొదటి సీజన్లో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టింది, అందరిలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది ఎవరో తెలుసా? సింథియా కూపర్. వయసు 34. లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే పేదల పేటలో పెరిగింది. కాలేజీ 1986లో ముగిసింది. సొంత దేశంలో ఆడటానికి చోటు లేక స్పెయిన్, ఇటలీ పోయి పదేళ్లు ఆడింది. అక్కడ ఆమె ఎంత గొప్పగా ఆడినా ఇంటి దగ్గర పేపర్లో రాసేవాళ్లు లేరు. తిరిగి వచ్చినప్పుడు హ్యూస్టన్ టీమ్‌లో కూడా అందరి చూపు స్వూప్స్ మీదే ఉంది. కూపర్ మ్యాచ్‌కి 22 పాయింట్ల సగటుతో ఆ వేసవంతా కొట్టింది. ఆగస్టు 30న ఫైనల్, హ్యూస్టన్‌లోనే, సమ్మిట్ అనే స్టేడియంలో. నేను పైన ఎక్కడో చివరి వరసలో ఉన్నాను. లిబర్టీ మీద 65-51. అందులో కూపర్‌వి 25. ఆ తర్వాత వరసగా 1998, 1999, 2000 కూడా హ్యూస్టనే గెలిచింది. 1998లో 30 మ్యాచుల్లో 27 గెలిచారు. 34 ఏళ్లకు పరిమితి పెట్టి ఉంటే ఇవేవీ లేవు.

రెండో మనిషి స్వూప్స్. లీగ్ సంతకం చేయించుకున్న మొదటి క్రీడాకారిణి ఆమె. సీజన్ మొదలయ్యేనాటికి నిండు గర్భిణి. జూన్ చివర్లో కొడుకు పుట్టాడు. లీగ్ మొదలై వారం కాలేదు. ఇక ఈ ఏడు రాదనుకున్నాం. ఆగస్టు మొదటి వారంలో జెర్సీ వేసుకుని వచ్చింది. స్టేడియం అంతా లేచి నిలబడింది.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అక్క మా క్వార్టర్ల దగ్గర కోర్టులో సెంటర్ ఆడేది. 1984, 85లలో. పొడుగు మనిషి. బాపు జీతంలోంచి కొనిచ్చిన తెల్ల కాన్వాసు బూట్లు రాత్రి సుద్దముక్కతో రుద్ది ఆరబెట్టేది. పంతొమ్మిదేళ్లకు పెద్దపల్లి సంబంధం కుదిరింది. బూట్లు అమ్మ చీరల పెట్టెలో అడుగున పెట్టింది. ఎవరూ ఆడొద్దని అనలేదు. ఆడమని కూడా ఎవరూ అనలేదు. అంతే, ఆగిపోయింది.

స్వూప్స్ తిరిగి ఆడిన రోజు రాత్రి నేను ఫోన్ కార్డుతో పెద్దపల్లి ఎస్‌టీడీ బూత్‌కి చేశాను. అక్కడ పొద్దున. అక్కను ఇంటి నుంచి పిలిపించారు. అప్పుడు అక్కకు ముప్పై, చంకలో రెండో బిడ్డ. నేను ఆగకుండా చెబుతున్నాను. లీగ్ అంట, వేలమంది జనమంట, కాన్పు అయిన ఆరు వారాలకు వచ్చి ఆడిందంట. అక్క అంతా విన్నది. ఆఖరికి ఒకటే అడిగింది.

"బిడ్డను ఎవరు చూస్తున్నరురా?"

కార్డులో నిమిషాలు అయిపోతున్నాయి. నాకు తెలియదన్నాను. స్వూప్స్ ఎన్ని పాయింట్లు కొట్టిందో, ఎంతసేపు ఆడిందో అన్నీ చెప్పగలిగాను, ఆ ఒక్కటి నాకు తోచనే లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ప్రశ్న నాతోనే ఉంది.

వయసు పరిమితి పెట్టకండి. పిల్లల చోటు పోతుందని భయం ఉంటే ప్రతి టీమ్‌లో 25 దాటినవాళ్లు ఇద్దరికి మించకూడదని రాసుకోండి. ఆ ఇద్దరి చోటు మాత్రం ఖాళీగా వదిలెయ్యకండి. కోర్టు పక్కన నీడ చూసి, చిన్నపిల్లలను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. జీతం ఇచ్చి పెట్టండి. రెఫరీకి ఎంత ఇస్తారో ఆమెకూ అంత.

జవాబు: లెక్కల మనిషి

కాజీపేట అన్న రాసింది చదివి మనసు నిండింది. అయినా చెప్పకుండా ఉండలేని మాట ఒకటి ఉంది, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను కరీంనగర్‌లో రెండేళ్లు అబ్బాయిల క్రికెట్ లీగ్ నడిపి, మూడో ఏడు డబ్బు లేక ఆపేసినవాడిని.

అమెరికాలో ఆ రోజుల్లో ఆడవాళ్ల లీగులు రెండున్నాయి. డబ్ల్యూఎన్‌బీఏ కంటే ముందే, 1996 అక్టోబరులో, అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆ ఏడు అట్లాంటా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెరికా జట్టులో చాలామంది మొదట అందులోనే చేరారు. జీతాలు మెరుగు. ఆట కూడా ఏమాత్రం తక్కువ కాదని చూసినవాళ్లు అంటారు. 1998 డిసెంబరులో, మూడో సీజన్ మధ్యలో మూతపడింది. డబ్ల్యూఎన్‌బీఏ నిలబడింది. తేడా ఎక్కడ? దీని వెనక మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏ ఉంది. స్టేడియాలు వాళ్లవే, వేసవిలో ఎటూ ఖాళీ. ఎన్‌బీసీ, ఈఎస్‌పీఎన్, లైఫ్‌టైమ్ ఛానెళ్లు మొదటి రోజు నుంచీ చూపించాయి. 

నిలబడిన లీగ్‌లోనూ ఆ మొదటి ఎనిమిది టీముల్లో నాలుగు మూతపడ్డాయి. నాలుగుసార్లు గెలిచిన హ్యూస్టన్ కూడా 2008లో కొనేవాళ్లు లేక ఆగిపోయింది. యూటా టీమ్ శాన్ ఆంటోనియో పోయి, అక్కడి నుంచి లాస్ వేగస్ పోయింది. అదే ఊర్లో అదే పేరుతో ఉన్నవి న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, ఫీనిక్స్ మూడే. మొదటి ఫైనల్లో ఓడిన న్యూయార్క్ తన మొదటి కప్పు 2024లో గెలిచింది.

అందుకని మేడమ్, రెండేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. ఒక ఏడాది నడిచి ఆగిపోతే పిల్లల మనసు అసలు మొదలుపెట్టని దానికంటే ఎక్కువ విరుగుతుంది. మా కుర్రాళ్లను చూశాను. డబ్బు తక్కువైతే త్రీ ఆన్ త్రీ పెట్టండి. సగం కోర్టు, టీముకి ముగ్గురు ఆడతారు, ఒకరు అదనం, పది నిమిషాల్లో ఆట అయిపోతుంది. ఒలింపిక్స్‌లో కూడా ఉంది.

ఓరుగల్లు పాయింట్ గార్డ్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం నలుగురం మా ఇంట్లో కూర్చుని ఈ జవాబులన్నీ గట్టిగా చదువుకున్నాం. అందుకే రాయడం ఆలస్యమైంది.

పీఈటీ సార్, మా బంతులు తీసి కొలిచాం. ఆరింటిలో నాలుగు 7వ నంబరువే. మూడేళ్లుగా నేనే ఆ బంతులతో నేర్పాను. చాలా బాధేసింది. నాలుగూ మారుస్తున్నాం. బండి పట్టిక రాయడం మొదలుపెట్టాం. జనగామ వాళ్లకు ఇద్దరు తల్లులు తోడు వస్తామన్నారు.

లెక్కల అన్నా, మీ మాట నొప్పించలేదు. మీ అనుభవం చెప్పినందుకు నిజంగా సంతోషం. రెండేళ్ల లెక్క వేశాం. నలుగురం నెలకింత అని ఇప్పటి నుంచే పక్కన పెడుతున్నాం. అది చాలకపోతే 12 మ్యాచులను 6 చేస్తాం, ఒక్కో టీముతో ఒక్కసారే ఆట. త్రీ ఆన్ త్రీ మాత్రం వద్దనుకున్నాం. మన నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వచ్చింది, మన కల్లెడ నుంచి దీప్తి జీవాంజి పారాలింపిక్స్ పతకం తెచ్చింది. ఇద్దరిదీ ఒంటరిగా బాక్సింగ్ రింగులోకి, పరుగు ట్రాక్ మీదికి వెళ్లే ఆట. మా ఆటలో ఒక్క పిల్ల ఎంత బాగా ఆడినా పక్కన నలుగురు ఉండాలి. ఆ నలుగురు లేకనే మా పిల్లలు ఇన్నాళ్లూ మిగిలిపోయారు. పూర్తి కోర్టు, అయిదుగురు, చెప్పిన నిమిషాలు. ఇది వదులుకోలేం.

కాజీపేట అన్నా. మీకు ఎలా రాయాలో తెలియడం లేదు. నాకు సిజేరియన్ అయ్యాక మళ్లీ పరుగెత్తడానికి ఏడాది దాటింది. ఆరు వారాలు స్వూప్స్‌కి కుదిరింది. మా లీగ్‌లో ఎవరికీ ఆ కొలత పెట్టం, ఎప్పుడు వస్తే అప్పుడే. కానీ నేను కూడా బిడ్డను ఎవరు చూస్తారన్న దగ్గరే పదకొండేళ్లు ఆగిపోయానన్నా. అది ఆగిపోవడం అని కూడా అనుకోలేదు. పెళ్లయింది, అమ్మాయి పుట్టింది, ఉద్యోగం వచ్చింది, అంతే అనుకున్నాను. నా సంగతే నాకు గుర్తు లేక 19 దాటొద్దని వాదించాను.

వయసు పరిమితి తీసేశాం. టీముకి 25 దాటినవాళ్లు ఇద్దరు. మొన్న ఈ మాట బయటకు చెప్పామో లేదో, నిన్న పొద్దున కోర్టుకి కొత్తగా ఏడుగురు వచ్చారు. ఒకావిడ స్టాఫ్ నర్సు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఇంకొకావిడ చీర కొంగు దోపుకుని ఫ్రీ త్రోలు వేసింది, పదింటికి ఆరు పడ్డాయి. మా సెంటర్ పాప బంతులు అందిస్తూ లెక్క పెట్టింది.

కోర్టుకి పడమర వైపు వేపచెట్టు ఉంది. దాని కింద రెండు జంపఖానాలు, ఒక నీళ్ల కుండ పెడతాం. పిల్లల్ని చూసుకునే మనిషి ఇంకా దొరకలేదు. డబ్బు రెఫరీతో సమానంగానే. ఎవరైనా తెలిస్తే చెప్పండి.

కాజీపేట జంక్షన్

చెల్లెమ్మా, మీరు రాసింది అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. వేపచెట్టు దగ్గర ఆపమంది. "ఎంతమంది పిల్లలు? పాలు తాగేటోళ్లు ఉంటరా?" అని అడిగింది. మీకు తెలిస్తే రాయండి, చెబుతాను.

అక్కకు ఇప్పుడు 58. మోకాలు కొంచెం నొప్పి, మిగతా అంతా బాగుంది. మనవలు ఇద్దరినీ తనే పెంచింది. ముందురోజు సాయంత్రం రైలుకే వచ్చి మా ఇంట్లో పడుకుంటానంది. డబ్బు వద్దంది. తీసుకోవాల్సిందేనని నేను గట్టిగా చెప్పాను. పొద్దున అయిదున్నరకి నేనే స్కూటర్ మీద దింపుతాను. ఆ కోర్టు ఎక్కడో దారి చెప్పండి.

ఫోన్ పెట్టేముందు ఇంకో మాట అడిగింది. మ్యాచులు లేని రోజు పొద్దున, పిల్లలెవరూ లేనప్పుడు, ఆ నెట్ ఉన్న రింగు దగ్గర కాసేపు నిలబడొచ్చా అని. మీరు ఏమంటారో కనుక్కుని చెబుతానన్నాను.